జిరాక్సు తీర్పు టెలిగ్రామ్‌కు వర్తించదు

సంపాదకులకు నమస్కారం.

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడినా, డీఎస్సీ, గ్రూప్స్ నోటిఫికేషన్ వెలువడినా టెలిగ్రామ్ ఛానెళ్లలో పుస్తకాలకు పుస్తకాలే పీడీఎఫ్‌లుగా వచ్చిపడుతుంటాయి. ఇది తప్పు కదా అంటే, ఢిల్లీ యూనివర్సిటీ కేసులో కోర్టే కాపీ చేసుకోవచ్చంది కదా అన్న జవాబు వస్తుంది. ఆ తీర్పు విద్యార్థులకు నిజంగా మేలు చేసింది. అయితే అది ఏం చెప్పిందో చూడాలి.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో ఆ విశ్వవిద్యాలయం మీద, ఆవరణలోని జిరాక్సు షాపు మీద దావా వేశాయి. సిలబస్‌లో ఉన్న అధ్యాయాలను వేర్వేరు పుస్తకాల నుంచి తీసి ఒకే కట్టగా ఇవ్వడం మీద తగాదా. కాపీరైటు చట్టం సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం బోధనలో భాగంగా ఉపాధ్యాయుడైనా విద్యార్థి అయినా ప్రతి తీసుకోవచ్చని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. పది శాతం పేజీలు దాటకూడదని చాలామంది నమ్ముతారు గానీ, అలాంటి లెక్క మన చట్టంలో లేదు. బోధనకు ఎంత అవసరమో అంతే కొలత.

కానీ ఆ నిబంధనలో ఉన్న మాట ‘ప్రతి తీయడం’. దాన్ని ఊరందరికీ అందుబాటులో పెట్టడం కాపీరైటు ఉన్నవారికి చట్టం ఇచ్చిన వేరే హక్కు. అరవైమంది ఉన్న తరగతి గ్రూపులో మూడో అధ్యాయం స్కాన్ పెట్టడానికీ, వేలమంది ఉన్న ఛానెల్‌లో అట్ట నుంచి అట్ట దాకా పుస్తకం ఎక్కించడానికీ తేడా అక్కడే వస్తుంది. పేరు తెలియదులే అన్న ధీమా కూడా పనికిరాదు. ఒక కోచింగ్ అధ్యాపకురాలి మెటీరియల్ విషయంలో, ఛానెళ్లు నడిపేవారి వివరాలు ఇవ్వాలని 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. ఇక కొన్ని కోచింగ్ యాప్‌ల పీడీఎఫ్‌లలో పేజీ మధ్యన లేత బూడిదరంగులో కొన్నవారి ఫోన్ నంబరే ఉంటుంది. ఫార్వర్డ్ చేస్తే ముందు దొరికేది ఆ విద్యార్థే. కాపీరైటు ఉల్లంఘనకు ఆ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు.

లెక్చరర్ ఇచ్చిన స్లైడ్ల మీద, క్లాసు రికార్డింగు మీద హక్కు వారిదా, కాలేజీదా అన్నది ఉద్యోగ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. విద్యార్థిది మాత్రం కాదు. బయట పెట్టే ముందు ఒక్క మెసేజ్‌తో అనుమతి అడిగి, ఆ జవాబు దాచుకోవాలి. పాఠం విని సొంత మాటల్లో రాసుకున్న నోట్సు నిశ్చింతగా పంచుకోవచ్చు. సూత్రాలు, తేదీలు, వాస్తవాలు ఎవరి సొత్తూ కావు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ సైట్‌లోనే ఉచితం కాబట్టి ఫైలు బదులు లింకు పంపితే చాలు, పైగా పాత ముద్రణ తిరిగే బాధ తప్పుతుంది. ఐఐటీలు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎన్‌పీటెల్ పాఠాలకు, షరతులతో పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది. మూలం పేరు చెప్పి, లైసెన్సు షరతులు చదివి వాడుకోవాలి.

పిల్లలను బెదిరించి వదిలేస్తే న్యాయం కాదు. ఎనిమిది వందల రూపాయల పుస్తకంలో రెండు అధ్యాయాలే సిలబస్‌లో ఉంటే ఏ ఇంటివారైనా ఎలా కొంటారు? సెమిస్టర్ మొదటి వారంలోనే ప్రతి విభాగం పేపరువారీగా అధ్యాయాల పట్టిక లైబ్రరీకి ఇవ్వాలి. లైబ్రరీ ఆ పేజీలను స్కాన్ చేసి, ఆ కోర్సు విద్యార్థుల లాగిన్‌కే తెరుచుకునేలా పెట్టాలి. ఆ తీర్పు ఇచ్చిన వెసులుబాటును ముందుగా వాడుకోవలసింది కాలేజీలే.

— ఒక కళాశాల లైబ్రేరియన్, గుంటూరు