కొలాబ్‌లో మా బోటు లాక్కొచ్చిన అన్నకి

మొన్న ఆదివారం ఒడిశాలోని జయపురం నుంచి పిల్లలతో కొలాబ్ జలాశయానికి వెళ్లాం. కూనవరం దగ్గర గోదాట్లో కలిసే మన శబరే, ఇక్కడ కొలాబ్. పెడల్ బోటులో కాస్త లోపలికి వెళ్లామో లేదో, ఎదురుగాలి. ఎంత తొక్కినా ఒడ్డు దగ్గరవదే!

అప్పుడొచ్చాడు చేపల పడవలో ఒకాయన. వస్తూనే మా చిన్నదాని లైఫ్ జాకెట్ వైపు చెయ్యి చూపించాడు. కింది బకిల్ ఊడి వేలాడుతోంది, నేను చూసుకోనేలేదు. అది బిగించేదాకా ఆగి, అప్పుడు మా బోటుకి తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చాడు. డబ్బులివ్వబోతే ఒడియాలో ఏదో అని నవ్వేశాడు. నా ఒడియా సంతలో బేరాల వరకే. కంగారులో పేరైనా అడగలేదు.

అన్నా, మీకు వెయ్యి దండాలు. మా పాప రోజూ మీ పడవ బొమ్మే గీస్తోంది.