ఇంటర్న్‌షిప్‌కి పంపే ముందు పిల్లలతో వ్యాపారం ఆడించండి

ఎడిటర్ గారికి నమస్కారం. నేను కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో బీకాం పిల్లలకి పాఠాలు చెప్తాను. డిగ్రీ పిల్లల ఉద్యోగాల గురించి మీ పేపర్లో తరచూ రాస్తుంటారు కదా, అందుకే ఈ ఉత్తరం.

2020-21లో సిలబస్ మార్చినప్పుడు డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నారు. ఆలోచన మంచిదే, కానీ ఇంతమంది పిల్లల్ని కూర్చోబెట్టి పని నేర్పే కంపెనీలు మా ఊర్లో ఎక్కడున్నాయండీ, చాలామంది ఏదో ఒక షాపులో నాలుగు రోజులు కనపడి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపులోళ్లని అడిగితే ఒకటే మాట, "టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ బాగానే కొడతారు సార్, సరుకుకి ఆర్డర్ ఎప్పుడు పెట్టాలో, ఎంత పెట్టాలో మాత్రం తెలీదు" అని. ఆ లెక్క పుస్తకంలో చదివితే రాదు, షాపాయన తన డబ్బుతో నేర్పడు. అందుకే ముందు క్లాసులోనే బిజినెస్ గేమ్స్, అంటే వ్యాపారాన్ని ఆటలా ఆడి నేర్చుకునేవి, ఆడించాలని నేను గట్టిగా చెప్తున్నా.

ఇది నిన్నమొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. 1932లోనే రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో మేరీ బిర్‌స్టైన్ అనే ఆవిడ ఫ్యాక్టరీ మేనేజర్లకి ఇలాంటి ఆటతో ట్రైనింగ్ ఇచ్చారు. తర్వాత అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన బీర్ గేమ్‌ని, అంటే ఫ్యాక్టరీ నుంచి షాపుదాకా బీర్ సరుకు చేరే ఆటని, ఇప్పటికీ ప్రపంచమంతా మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఆడిస్తున్నారు. మేము దాంట్లో బీర్ తీసేసి కూల్‌డ్రింక్ కేసులు, అంటే పెట్టెలు, అని పెట్టుకున్నాం, కేసులకి చింతగింజలు, ఆర్డర్లకి కాగితం చీటీలు, అంతే, కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

నలుగురు వరసగా కూర్చుంటారు, రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ. మాట్లాడుకోకూడదు, వెనకున్నోళ్లకి ఆర్డర్ చీటీ మాత్రమే పంపాలి. చీటీ చేరడానికి టైం పడుతుంది, సరుకు రావడానికి ఆట లెక్కలో ఇంకో రెండు వారాలు. సరుకు మిగిలితే కేసుకి వారానికి అర డాలర్ ఖర్చు, అడిగిన సరుకు ఇవ్వలేకపోతే దానికి రెట్టింపు. కస్టమర్లు మొదట్లో వారానికి 4 కేసులు కొంటారు, తర్వాత 8 అవుతుంది, ఆట అయిపోయేదాకా ఇంక ఆ 8 మారదు. అంత చిన్న మార్పుకే వెనకున్నోళ్లు కంగారుపడి ఆర్డర్లు పెంచుకుంటూ పోతారు, చివరికి ఫ్యాక్టరీ దగ్గర గింజలు కుప్ప పడతాయి.

మా క్లాసులో హోల్‌సేలర్‌గా కూర్చున్న ఒకమ్మాయి, కోడుమూరు వైపు పల్లె నుంచి బస్సులో వస్తుంది, ఆట అయ్యాక రిటైలర్ మీదకి లేచింది, నువ్వే ఇష్టమొచ్చినట్టు ఆర్డర్లు రాసి నన్ను ముంచినావని. ఆ పిల్లోడు తన షీట్ తెచ్చి ముందర పెట్టినాడు, కస్టమర్ కాలమ్‌లో మొదట్లో నాలుగులు, ఆ తర్వాత అన్నీ ఎనిమిదులే. ఆమె ఆ షీటూ తన షీటూ పక్కపక్కన పెట్టుకుని "మరి నేను 40 ఎందుకు రాసినా సార్?" అని అడిగింది. దారిలో ఉన్న సరుకుని లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ మళ్లీ ఆర్డర్ పెట్టడం వల్లే అలా అయిందని బోర్డు మీద వేసి చూపిస్తే ఎవ్వరూ బెల్లు కొట్టినా లేవలేదు. అసలు చదువు అక్కడే జరిగింది. కాబట్టి ఆట ఆడించి ఎవరు గెలిచారో చెప్పి పంపిస్తే లాభం లేదు, ఆట ఎంతసేపో ఆ తర్వాత మాట్లాడుకోవడం అంతసేపు ఉండాలి. లాభాన్ని బట్టి మార్కులు వేయొద్దని కూడా నా మనవి, మార్కులు పెడితే పిల్లలు పక్కోడి షీట్ చూసి రాస్తారు.

మన జిల్లాకి ఇది ఇంకా బాగా అతుకుతుంది. 2025లో ఉల్లిగడ్డ ధర పడిపోయి ప్రభుత్వం క్వింటా 1200 రూపాయలకి కొనాల్సొచ్చింది, కర్నూలు మార్కెట్ యార్డు సంగతి మీకు చెప్పేదేముంది. ఫ్యాక్టరీ సీట్లో రైతుని కూర్చోబెట్టి, సరుకు రావడానికి రెండు వారాల బదులు నాలుగు నెలలు పెట్టి, మిగిలింది కుళ్లిపోతుందని రూల్ పెట్టండి, పోయినేడు ధర చూసి ఈ ఏడు నాటితే ఏమవుతుందో రైతుల పిల్లలకి లెక్కతో సహా తెలుస్తుంది.

ఇది ఇంటర్న్‌షిప్ బదులు పెట్టమని కాదండీ. ఉద్దెర ఇచ్చినోడి దగ్గర డబ్బు వసూలు చేయడం, కోపంగా వచ్చిన కస్టమర్‌తో మాట్లాడటం చింతగింజలతో రావు, దానికి షాపులో నిలబడాల్సిందే. కాకపోతే ఆట ఆడి పోయిన పిల్లోడు గోడౌన్‌లో ఏం చూడాలో, ఓనర్‌ని ఏం అడగాలో తెలిసి పోతాడు.

పెద్ద పెద్ద కాలేజీలు లక్షలు పెట్టి ఇంగ్లీష్ సాఫ్ట్‌వేర్ కొంటున్నాయి, కొననీండి, మా పిల్లలకి మాత్రం తెలుగులో రూల్స్ ఉన్న ఒక పేజీ, ఆడించడం తెలిసిన లెక్చరర్ ఒకరు చాలు. ఉన్నత విద్యామండలి వాళ్లు సెలవుల్లో కామర్స్ లెక్చరర్లకి దీని మీద ట్రైనింగ్ పెట్టి, ఇంటర్న్‌షిప్‌కి ముందు సెమిస్టర్‌లో వారానికి రెండు పీరియడ్లు దీనికి కేటాయించాలి. మీ ఎడ్యుకేషన్ పేజీలో కూడా ఒకసారి దీని గురించి రాస్తే మిగతా కాలేజీలోళ్లు చూస్తారు.

ఇట్లు,
ఒక కామర్స్ లెక్చరర్, కర్నూలు