మా నాన్నగారి చికిత్సలో తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

ఆరు విడతల చికిత్స ముగిశాక చేసిన పెట్ స్కాన్‌లోనూ (ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే స్కాన్), మళ్లీ తీసిన ఎముక మూలుగ పరీక్షలోనూ మా నాన్నగారికి లింఫోమా అనే రక్త క్యాన్సర్ ఆనవాళ్లు కనిపించలేదని ఈ వారం తెలిసింది. ఇన్ని నెలలు మాకు అండగా ఉన్నవారికి నమస్కరించకుండా ఈ సంతోషాన్ని ఇంట్లోనే ఉంచుకోవడం నాకు సబబనిపించలేదు.

వ్యాధి ఎముక మూలుగకు చేరిందని, కనుక ఇది నాలుగో దశ అని రిపోర్టులో చదివిన రోజు మా ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. ఆ సాయంత్రం మమ్మల్ని కూర్చోబెట్టి, లింఫోమా తెల్ల రక్తకణాలలో పుట్టే వ్యాధి కాబట్టి మూలుగలో కనిపించడం అరుదు కాదని, గడ్డగా మొదలై పాకే ఇతర క్యాన్సర్ల నాలుగో దశతో దీనిని పోల్చకూడదని, నాన్నగారికి వచ్చిన డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకం వేగంగా పెరిగేదే అయినా పూర్తిగా నయం చేయాలన్న ఉద్దేశంతోనే మందులు మొదలుపెడతామని ఓపికగా వివరించిన డాక్టరుగారికి నా మొదటి నమస్కారం. అరవై దాటిన వయసు, రక్తంలో పెరిగిన ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్, వ్యాధి దశ కలిసి ప్రమాదాన్ని పెంచుతాయని కూడా ఆయన దాచలేదు. ఆ దాపరికం లేనితనమే మాకు ధైర్యమైంది.

లింఫోమా కణాలను గురిపెట్టే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుతో పాటు మూడు కీమో మందులు, స్టెరాయిడ్ మాత్రలు కలిపి 21 రోజులకొకసారి ఇచ్చే ఆర్-చాప్ చికిత్స నాన్నగారికి జరిగింది. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లవారేదాకా ఆగవద్దని, మాత్ర వేసి చూద్దామనుకోవద్దని ప్రతిసారీ గుర్తుచేసిన నర్సమ్మగారి మాటే రెండో విడత తర్వాత ఆయన ప్రాణం నిలిపిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ అర్ధరాత్రి వెంటనే ఆసుపత్రికి చేర్చాం. ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు దాదాపు అడుగంటాయని తేలడంతో ఆలస్యం లేకుండా సెలైన్ ద్వారా యాంటీబయాటిక్స్ ఎక్కించారు.

ప్లేట్‌లెట్లు తయారయ్యే మూలుగలోనే వ్యాధి ఉండటంతో అవి మొదటి నుంచీ తక్కువే. కీమోతో అవి మరింత పడిపోయినప్పుడు, ముక్కూ మొహం తెలియని నలుగురు వచ్చి, యంత్రం పక్కన గంటకు పైగా కదలకుండా పడుకుని తమ ప్లేట్‌లెట్లు ఇచ్చి వెళ్లారు.

తిరగబెట్టే ముప్పు మొదటి రెండేళ్లలోనే ఎక్కువ కనుక తనిఖీలు కొనసాగుతాయి. అవసరమైతే మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్‌పైకి పంపే కార్-టి వంటి మార్గాలు ఉన్నాయని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు. ఈ మాటలు రాస్తుండగా నాన్నగారు పక్కనే కూర్చుని, ప్లేట్‌లెట్లు ఇచ్చిన ఆ నలుగురికీ తన నమస్కారాలు విడిగా రాయమన్నారు. ఇది నాన్నగారి నమస్కారం.