వదిన మాత్ర నేను మింగాను

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి కొర్లగుంటలో పాతికేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నాకిప్పుడు 52. ముట్లు ఆగినప్పటి నుంచి ఒంట్లో ఒకటే ఆవిర్లు. జనవరి చలిలోనూ మిషన్ ముందు కూర్చుంటే మెడ మీది చెమట గుడ్డ మీద పడేది. ఒక పట్టు జాకెట్టు అట్లే మరకపడితే డబ్బులు నేనే కట్టాను.

గర్భసంచి తీసేశాక మా వదినకు డాక్టరమ్మ ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ల హార్మోన్ మాత్రలు రాసింది. ఆ ఖాళీ అట్ట తీసుకెళ్లి మందుల షాపులో చూపించాను. చీటీ అడగలేదు, ఇచ్చేశారు. ఆవిర్లు తగ్గిన మాట నిజం. కానీ నాలుగో నెల మళ్లీ రక్తం కనిపించింది. ముట్లు తిరిగొచ్చాయేమో అనుకున్నాను, ఎంత తెలివో చూడండి!

స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర మందమైందన్నారు. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే క్యాన్సర్ దాకా పోవచ్చట. అందుకే ఆ పొర మందం కాకుండా ప్రొజెస్టిరోన్ అనే ఇంకో హార్మోన్ తోడు ఇస్తారు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఈ మాత్రలు సాధారణంగా ఇవ్వరు. అట్లని అందరూ భయపడాల్సిన పనీ లేదు. ఈ హార్మోన్లతో ముప్పు పెరుగుతుందన్న 2002 నాటి అమెరికా పరిశోధన వార్తలతో చాలామంది మానేశారు గానీ, 60 ఏళ్లలోపు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మేలే ఎక్కువని డాక్టరమ్మ చెప్పింది.

వంటలకూ ముగ్గులకూ పేజీ ఇస్తున్నారు కదా, దీనికీ ఒక వారం ఇవ్వండి. షాపులవాళ్లు చీటీ అడిగేలా అధికారులూ చూడాలి. నా గర్భసంచి పొర నుంచి తీసిన ముక్క పరీక్షలో క్యాన్సర్ ఏమీ లేదని తేలింది.

– ఒక టైలరమ్మ, కొర్లగుంట, తిరుపతి