వానలు తగ్గేదాకా ఫైబర్ పార్టుల డెలివరీ ఆలస్యం: కారణం ఇదీ

అందరికీ నమస్కారం. కార్లకి ఫైబర్ స్పాయిలర్లు (డిక్కీ మీది రెక్క), ఫ్రంట్ లిప్‌లు (ముందు బంపర్ కింది అంచు), సైడ్ స్కర్టులు (తలుపుల కింది పట్టీలు) ఆర్డర్ ఇచ్చినవాళ్లు "ఎప్పుడిస్తావన్నా?" అని రోజూ ఫోన్ చేస్తున్నారు. అడగడం న్యాయమే. అందుకే ఉన్నమాట చెబుతున్నాను. చెన్నైలో వానలు తగ్గేదాకా, అంటే డిసెంబర్ చివరిదాకా, పది రోజుల్లో ఇచ్చే పార్టుకి మూడు వారాలు పడుతుంది.

పార్టు పోయడం వరకు పెద్ద తేడా లేదు. పాత బండి పార్టులు దొరికే పుదుపేటలో పాత బంపర్ వెతికి తెచ్చి దాని మీద మౌల్డ్ (అచ్చు) తీస్తాం. మౌల్డ్‌కి వ్యాక్స్ పట్టించి, జెల్‌కోట్ (పార్టుకి నున్నటి పైపొర) వేసి, రెసిన్ అనే జిగురు ద్రవంతో ఫైబర్ మ్యాట్ (గాజు పోగుల చాప) పొరలు పొరలుగా అద్దుతాం. పొద్దున వేస్తే సాయంత్రానికి గట్టిపడుతుంది. కానీ గట్టిపడ్డ తర్వాత కూడా రెసిన్ కొన్నాళ్లు కుంచించుకుంటూనే ఉంటుంది. ఈలోపే పెయింట్ కొట్టి ఇస్తే ఆ రోజు అద్దంలా మెరుస్తుంది. ఎండలో కొన్నాళ్లు తిరిగాక, ముఖ్యంగా నల్ల కారు మీద, మ్యాట్ పోగులు పైకి తేలి కనిపిస్తాయి. రెసిన్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్ ఎక్కువ పోసి తొందరగా తేల్చెయ్యమని కొందరంటున్నారు. రెసిన్ బరువులో ఒకటి రెండు శాతం మించి పోస్తే పార్టు వేడెక్కి వంకర పోతుంది, జెల్‌కోట్ చిట్లుతుంది. ఆ పని నేను చేయను.

అసలు ఆలస్యం ఫినిషింగ్ దగ్గర. మౌల్డ్ నుంచి తీసిన పార్టుని అంచుల వెంబడి గోటితో తట్టి చూస్తాం. మ్యాట్ ఇరుకు మూలల్లోకి సరిగ్గా వంగదు, అక్కడ గాలి చిక్కుకుంటే డొల్ల శబ్దం వస్తుంది. ఆ చోటు తెరిచి మళ్లీ నింపాలి. తర్వాత వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచాకే ఎమరీ పట్టాలి. ముందే రుద్దితే వ్యాక్స్ గీతల్లోకి దిగుతుంది, పెయింట్ అక్కడ గుంటలు గుంటలుగా విడిపోతుంది. పుట్టీని 80 నంబర్ ఎమరీతో మొదలుపెట్టి 320 దాకా పొడిగానే రుద్దుతాం. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడి మీద ప్రైమర్ కొడితే తర్వాత బుడగలు లేస్తాయి. వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే ఎమరీ) ప్రైమర్ మీద మాత్రమే.

ఇక చెమ్మగాలిలో పెయింట్ కొడితే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి, తేమ చేరి, తెల్లగా మసకబారుతుంది. మనకు పెయింట్ బూత్ (పెయింట్ కొట్టే మూసిన గది) లేదు. అందుకే వాన పట్టిన రోజు స్ప్రే గన్ ముట్టుకోం.

ప్రైమర్‌కి ముందు కారు ఒకసారి తీసుకురండి. ఒకే మోడల్ అయినా టింకరింగ్ జరిగిన బండికి పార్టుకీ బాడీకీ మధ్య గ్యాప్ మారుతుంది, పెట్టి చూసుకోవాలి.

ముందు బంపర్ మొత్తం ఫైబర్‌లో చేయమని అడుగుతున్నారు. అది తీసుకోను. కంపెనీ ప్లాస్టిక్ దెబ్బకి వంగుతుంది, ఫైబర్ పగిలి పదునుగా తేలుతుంది. రోడ్డు దాటే మనిషి సంగతి కూడా నేను ఆలోచించాలి. బండి వెడల్పు పెంచే వీల్ ఆర్చ్‌లూ (చక్రం పైన బయటికి వచ్చే అంచులు) చేయను. తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది.

ఆగలేనివాళ్లు అడ్వాన్స్ మొత్తం వెనక్కి తీసుకోవచ్చు, పైసా కోత లేదు. పెయింట్ లేకుండా కావాలన్నా ఇస్తాను, కానీ పైన చెప్పిన వ్యాక్స్ సంగతి మీ పెయింటర్‌కి తప్పకుండా చెప్పండి. ఆదివారం తప్ప ఎప్పుడైనా షెడ్‌కి రండి, మీ పార్టు ఏ దశలో ఉందో చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు.