ఓఎస్ మార్చే ముందు మీ పనుల జాబితా రాసుకోండి

సంపాదకులకు,

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త కంప్యూటర్ కొనాలా, విండోస్ బదులు వాడే ఉచిత ఓఎస్ (కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) అయిన లైనక్స్‌కి మారాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఇంకా నలుగుతూనే ఉంది. ఏ ఓఎస్ గొప్పదన్న వాదనతో ఇది తేలదు. కంప్యూటర్‌తో చేసే పనులన్నీ కాగితం మీద రాసి, ఒక్కో పని పక్కన దానికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు రాయండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఆ కాగితం మీద బ్రౌజర్, వీడియోలు, మెయిల్, మామూలు డాక్యుమెంట్లు తప్ప ఇంకేమీ లేకపోతే లైనక్స్ మింట్ (లైనక్స్‌లో ఒక రకం) ధైర్యంగా వేసుకోవచ్చు. 4 జీబీ ర్యామ్ చాలు, డిస్కులో 100 జీబీ ఉంటే ఇబ్బందే ఉండదు. ఫొటోషాప్ గానీ, మాక్రోలతో (పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) నిండిన ఎక్సెల్ ఫైళ్లు గానీ ఉంటే విండోస్‌లోనే ఉండటం మంచిది. లైనక్స్‌లో వాడే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ ఆ ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది గానీ మాక్రోలన్నీ నడవవు. ఆటల్లో చాలావరకు ఆటల యాప్ స్టీమ్‌లోని ప్రోటాన్‌తో (విండోస్ ఆటలను లైనక్స్‌లో నడిపేది) ఆడుకోవచ్చు, వాలొరెంట్ మాత్రం లైనక్స్‌లో నడవదు.

విండోస్ 11కి మీ కంప్యూటర్ పనికిరాదని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (ఒక భద్రతా సదుపాయం) ఉండి కూడా చాలా మదర్‌బోర్డుల్లో బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల సెట్టింగ్స్) ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో వెతకండి. ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందుదైతే మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప, ఆశ వదులుకోవాల్సిందే.

లైనక్స్‌ని ఇన్‌స్టాల్ చేయకుండానే పరీక్షించవచ్చు. ఈ అవకాశాన్ని వాడుకోకపోవడమే నా దృష్టిలో పెద్ద పొరపాటు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే ప్రోగ్రాంతో లైనక్స్ ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) ఎక్కించి (అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి), కంప్యూటర్ ఆన్ చేయగానే ఎఫ్12 లేదా ఎస్కేప్ నొక్కుతూ దాని నుంచి బూట్ చేయండి (మొదలుపెట్టండి). వైఫై, సౌండ్, ప్రింటర్, స్కానర్ చూడండి. ల్యాప్‌టాప్ మూత మూసి, తెరిచి, నిద్రలోంచి సరిగ్గా లేస్తోందో లేదో తప్పక చూడండి, ఎక్కువగా తేడా కొట్టేది అక్కడే. వైఫై కనబడకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరవండి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు చాలాసార్లు అదే మందు. వేగాన్ని మాత్రం ఇప్పుడే అంచనా వేయొద్దు, పెన్‌డ్రైవ్ మీద ఏదైనా నెమ్మదే.

ఇన్‌స్టాల్ చేసేముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, కొన్నింటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి, బయాస్‌లో ఏం మార్చినా అది అడగొచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేదంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాక, లైనక్స్ ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వకపోవచ్చు.

రెండు ఓఎస్‌లూ కావాలనుకున్నప్పుడు ఇన్‌స్టాలర్‌లో ‘విండోస్ పక్కన’ అన్న ఎంపిక కనబడకపోతే అక్కడే ఆగిపోండి. ‘డిస్కు చెరిపి’ అన్నది నొక్కారంటే విండోస్, ఫైళ్లు రెండూ పోతాయి. బిట్‌లాకర్ గానీ, ఇంటెల్ ఆర్ఎస్‌టీ మోడ్ (బయాస్‌లోని ఒక డిస్కు సెట్టింగ్) గానీ కారణం కావచ్చు. వెనక్కి వచ్చి ఆ రెండూ సరిచూసుకున్నాకే మళ్లీ మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు