రాజ్‌భవన్ నుంచి ఎన్నికల బరికి తిరుగుదారి మూయాలి

సంపాదకులకు,

అయ్యా,

గవర్నర్ల అధికారాలపై కొంతకాలంగా సాగుతున్న చర్చ అంతా బిల్లుల చుట్టూనే తిరుగుతోంది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం బిల్లులపై నిర్ణయానికి గడువులు విధించింది. రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు బదులిస్తూ, అదే ఏడాది నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి గడువులు కోర్టులు పెట్టజాలవని, అయినా బిల్లులను నిరవధికంగా తొక్కిపట్టడం కూడా తగదని చెప్పింది. ఇదంతా అవసరమైన చర్చే. అయితే రాజ్‌భవన్‌లో ఉన్నంతకాలం గవర్నరు ఏం చేయాలన్నది ఎంత ముఖ్యమో, అక్కడి నుంచి దిగాక ఆయన ఎక్కడికి వెళ్లవచ్చన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండో ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగడం లేదు. దీన్ని అర్థం చేసుకోవడానికి డాక్టర్ మర్రి చెన్నారెడ్డి గారి రాజకీయ జీవితం కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

1919 జనవరి 13న నేటి వికారాబాద్ జిల్లాలో పుట్టిన చెన్నారెడ్డి గారు వైద్యవిద్య చదివి, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌లో ఎదిగి, 1952లో బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి అయ్యారు. 1967లో మా తాండూరు నుంచి శాసనసభకు గెలిచి, వెంటనే కేంద్రంలో ఉక్కు, గనుల శాఖ చేపట్టారు. ఓడిపోయిన అభ్యర్థి వందేమాతరం రామచంద్రరావు గారు వేసిన పిటిషన్‌పై 1968లో హైకోర్టు ఆ ఎన్నికను రద్దుచేసింది, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆరేళ్లపాటు పోటీకి అనర్హుడైన ఆయన 1969 తెలంగాణ ఉద్యమానికి నాయకుడయ్యారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితిని 14 స్థానాల్లో పదింట గెలిపించి, అదే ఏడాది పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఆ విలీనం సబబా కాదా అన్న వాదన మా జిల్లాలో ఇప్పటికీ తెగలేదు, ఇక్కడ దాని జోలికి పోను.

నేను చెప్పదలచింది ఆ తరువాతి సంగతి. 1974 అక్టోబరులో కేంద్రం ఆయనను ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పంపింది. అవినీతికర ఎన్నికల పద్ధతుల కారణంగా ఆరేళ్లు అనర్హుడైన వ్యక్తి జనాభాలో దేశంలోకెల్లా పెద్ద రాష్ట్రానికి గవర్నరు కావడానికి రాజ్యాంగంలో అడ్డేమీ లేదు. 157వ అధికరణ కోరేవి రెండే రెండు: భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి. విచిత్రమేమిటంటే, ఆయన లక్నో రాజ్‌భవన్‌లో ఉండగానే, 1975 జూన్ 12న, ఆ రాష్ట్రంలోనే అలహాబాద్ హైకోర్టు రాయ్‌బరేలీ నుంచి ఇందిరాగాంధీ ఎన్నికను రద్దుచేసి, సరిగ్గా అలాంటి ఆరేళ్ల అనర్హతనే విధించింది. ఆ తీర్పు వెంట వచ్చిన ఎమర్జెన్సీ కాలమంతా ఆయనే అక్కడ గవర్నరు. 1975 నవంబరు చివర ముఖ్యమంత్రి బహుగుణ రాజీనామాతో ఒకసారి, 1977 ఏప్రిల్ 30న జనతా ప్రభుత్వం ఎన్.డి.తివారీ మంత్రివర్గాన్ని తొలగించినప్పుడు ఇంకోసారి, ఆయన హయాంలో ఆ రాష్ట్రం రాష్ట్రపతి పాలన కిందికి వెళ్లింది. అంటే మొదట కాంగ్రెస్ కేంద్రం తరఫున, తరువాత జనతా కేంద్రం తరఫున ఒకే గవర్నరు రాష్ట్ర పాలన నడిపారు. ఈ ఒక్క సంగతి చూస్తే ఆయన పక్షపాతి కాదనే అనిపిస్తుంది.

కానీ 1977 అక్టోబరులో పదవి వదిలిన ఆయన మరుసటి ఏడాది జనవరిలో కాంగ్రెస్ చీలినప్పుడు ఇందిరాగాంధీ పక్షాన నిలిచి, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీని ముందుండి నడిపి, ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిపించి, మార్చి 6న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రాజ్‌భవన్ మెట్లు దిగడానికీ సచివాలయం మెట్లు ఎక్కడానికీ మధ్య గడిచింది అయిదు నెలలు. రాజకీయ నాయకుడిగా అది అసాధారణ విజయం, దాన్ని కాదనను. అయితే ఆయన లక్నోలో పంపిన ప్రతి నివేదికనూ, చేసిన ప్రతి సంతకాన్నీ ఆ అయిదు నెలల వెలుగులో మళ్లీ చదవాల్సి వస్తుంది. మున్ముందు టికెట్టు ఇవ్వగల, ముఖ్యమంత్రిని చేయగల నాయకత్వానికి ఎదురుచెప్పాల్సిన సందర్భం వస్తే గవర్నరు చెబుతాడా? ఆయన చెప్పారో లేదో మనకు అక్కర్లేదు. ఆ అనుమానానికి తావు ఉండటమే ఈ వ్యవస్థలోని లోపం.

ఆ తరువాత కూడా ఇదే వరస. 1980 అక్టోబరులో ముఖ్యమంత్రి పదవి పోయింది, 1982లో పంజాబ్ గవర్నరు పదవి వచ్చింది, ఏడాది తిరగకుండానే అదీ ముగిసింది. 1989 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1990 డిసెంబరులో హైదరాబాద్ మతకల్లోలాల నడుమ రాజీనామా చేశారు. 1992 ఫిబ్రవరిలో రాజస్థాన్ గవర్నరయ్యారు. బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత, ఆయన నివేదిక ఆధారంగా, డిసెంబరు 15న భైరోన్‌సింగ్ షెకావత్ ప్రభుత్వాన్ని కేంద్రం తొలగించింది. ఆ తొలగింపు చెల్లుతుందని 1994లో, రాష్ట్ర ప్రభుత్వాల తొలగింపుపై వచ్చిన బొమ్మై కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది కనుక చట్టరీత్యా దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ నివేదిక పంపిన వ్యక్తి రెండేళ్ల కిందటిదాకా కాంగ్రెస్ ముఖ్యమంత్రి. దాన్ని అందుకున్న కేంద్ర ప్రభుత్వానికి ప్రధాని, ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్‌లో ఆయన సమకాలికుడే అయిన పి.వి.నరసింహారావు గారు. బీజేపీ ప్రభుత్వాన్ని కోల్పోయిన రాజస్థాన్ ఓటరుకు కోర్టు తీర్పు కన్నా ఈ రాజకీయ చుట్టరికమే ముందు కనిపిస్తుంది.

1993 మే నుంచి తమిళనాడులోనూ ఇదే ఇబ్బంది. అవినీతి ఆరోపణలపై ముఖ్యమంత్రి జయలలితను ప్రాసిక్యూట్ చేయడానికి 1995లో సుబ్రమణ్యస్వామికి ఆయన అనుమతి ఇచ్చారు. అది ధైర్యంతో కూడిన నిర్ణయమని, గవర్నరు చేయదగిన పనేనని నా అభిప్రాయం. అయినా దాన్ని అధికారపక్షం కక్షసాధింపుగా చిత్రించగలిగింది. నిర్ణయం మంచిదైనా, తీసుకున్నవారి గతం దానికి నీడలా పట్టుకుంది. 1996 డిసెంబరు 2న, అదే పదవిలో ఉండగా ఆయన కన్నుమూశారు.

రాజకీయ నాయకులను గవర్నర్లుగా వేయనే కూడదని నా వాదన కాదు. 2010 నవంబరులో ముఖ్యమంత్రి పదవి వదిలిన కొణిజేటి రోశయ్య గారు మరుసటి ఆగస్టులో తమిళనాడు గవర్నరై, కేంద్రంలో ప్రభుత్వం మారినా అయిదేళ్లూ నిండుగా పనిచేసి, తిరిగివచ్చాక మళ్లీ ఎన్నికల బరిలోకి దిగలేదు. జయలలిత ప్రభుత్వంతో ఆయన పేచీ పడిన సందర్భం గుర్తు తెచ్చుకుందామన్నా దొరకదు. పదవికి ముందు ఎంత రాజకీయం చేశారన్నదాని కంటే తరువాత మళ్లీ చేసే ఆశ ఉందా లేదా అన్నదే అసలు తేడా అని ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అనిపిస్తుంది.

ఇది ఒక పార్టీ జబ్బు కూడా కాదు. మన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్న సుశీల్‌కుమార్ షిండే 2006 జనవరిలో నేరుగా కేంద్ర విద్యుత్ మంత్రి అయ్యారు. మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన ఎస్.ఎం.కృష్ణ 2009లో విదేశాంగ మంత్రి అయ్యారు. తమిళనాడు బీజేపీ అధ్యక్ష పదవి నుంచి తెలంగాణ రాజ్‌భవన్‌కు వచ్చిన తమిళిసై సౌందరరాజన్, 2024 మార్చిలో రాజీనామా చేసి ఆ వెంటనే దక్షిణ చెన్నై లోక్‌సభ స్థానానికి పోటీ చేశారు. అంతకుముందు ఏళ్లలో ఆమెకూ రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య బిల్లుల మీద, ప్రోటోకాల్ మీద నడిచిన వివాదాల్లో న్యాయం ఎటువైపు ఉందో తేల్చే ఓపిక, ఆ నామినేషన్ చూశాక, తెలంగాణ పౌరుడికి ఎందుకుంటుంది?

1949లో రాజ్యాంగసభలో గవర్నరును ఎన్నుకోవాలా నియమించాలా అన్న చర్చ జరిగినప్పుడు, రాజకీయాల్లో మరీ మునిగి ఉండని ప్రముఖులు, విద్యావేత్తలు ఈ పదవికి తగినవారని, రాజకీయ నాయకులు ఇంతకంటే చురుకైన రంగాన్నే కోరుకుంటారని నెహ్రూ అన్నారు. చురుకైన రంగం కోసం ఈ పదవిని మజిలీగా వాడుకోవచ్చని ఆయన ఊహించినట్లు లేదు. 1988లో, కేంద్ర రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ మాత్రం ఊహించింది. పదవి దిగిన గవర్నరు, మళ్లీ గవర్నరు కావడం, రాష్ట్రపతి లేదా ఉపరాష్ట్రపతి పదవికి ఎన్నిక కావడం మినహా, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని లాభదాయక పదవి చేపట్టరాదని, పార్టీ రాజకీయాల్లోకి తిరిగి రారాదని ఒక సంప్రదాయంగా పాటించాలని సూచించింది. సంప్రదాయం కనుక చాలామంది పాటించలేదు.

కాబట్టి సంప్రదాయంతో పని జరగదు, నిబంధనే కావాలి. ప్రభుత్వ లెక్కలు తనిఖీచేసే కాగ్ పదవి నుంచి దిగినవారు ప్రభుత్వంలో మరే పదవీ చేపట్టకూడదని 148వ అధికరణ చెబుతోంది. సర్వీస్ కమిషన్ల అధ్యక్షులకు 319వ అధికరణ ఇలాంటి కట్టడే పెట్టింది. లెక్కలు చూసేవారికి, ఉద్యోగులను ఎంపిక చేసేవారికి అవసరమనిపించిన జాగ్రత్త, ప్రభుత్వాలను రద్దుచేయమని సిఫారసు చేయగలవారికి అక్కర్లేకపోవడం ఏ తర్కానికీ అందదు. గవర్నరు పదవి షరతులు చెప్పే 158వ అధికరణకు ఒక క్లాజు చేరిస్తే చాలు. చట్టసభలకు పోటీచేసే హక్కును శాశ్వతంగా తీసేయడం కఠినమనిపిస్తే, కనీసం ఒక పూర్తి లోక్‌సభ కాలం, అంటే అయిదేళ్లు విరామం పెట్టవచ్చు. మంత్రి పదవికీ అదే విరామం వర్తించాలి. సర్కారియా ఇచ్చిన మినహాయింపులు ఇచ్చినట్లే ఉంచవచ్చు. ఇక్కడ గవర్నరుగా పనిచేసిన శంకర్‌దయాళ్ శర్మ గారు తరువాత ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి అయ్యారు, దానికెవరికీ అభ్యంతరం ఉండబోదు. 1984 ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్ ఎన్టీ రామారావు గారి ప్రభుత్వాన్ని కూలదోసిన తీరు చూసిన రాష్ట్రాలు మనవి. ఈ సవరణ కోరుతూ పార్లమెంటులో ప్రైవేటు బిల్లు పెట్టే చొరవ తెలుగు రాష్ట్రాల ఎంపీలలో, వారు ఏ పార్టీవారైనా, ఎవరో ఒకరు తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తాండూరు